నిత్యలేఖనం నిలిచేదెలా: టూంగాబీ తెలుగువారి నేపథ్యంలో ఒక సమీక్ష

నిత్యలేఖనం అంటే రోజూ కొంతసేపు కూర్చుని సొంత మాటల్లో ఏదో ఒకటి రాయడం. అది దినచర్య కావచ్చు, కథ కావచ్చు, ఉత్తరం కావచ్చు, చదివిన పుస్తకం మీద నాలుగు వాక్యాలు కావచ్చు. రూపం ఏదైనా, మరునాడు మళ్లీ ఆ కాగితం దగ్గరికే రావడం దాని లక్షణం. మొదలుపెట్టడం చాలామందికి చేతనైన పనే. ఉగాదికో పుట్టినరోజుకో కొత్త డైరీ తెరిచి, మూడు వారాలు రాసి, నాలుగో వారంలో ఆపేసిన పుస్తకాలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. అందువల్ల పరిశీలించవలసింది ఆ అలవాటు ఎలా మొదలవుతుందన్నది కాదు, ఎలా నిలుస్తుందన్నది. దీని మీద గత నాలుగు దశాబ్దాల్లో మనస్తత్వశాస్త్రంలోనూ రచనాబోధనలోనూ జరిగిన పరిశోధనల్లో ఎక్కువభాగం ఆంగ్లంలో రాసే విశ్వవిద్యాలయ అధ్యాపకుల గురించినది. తెలుగు ఇంటి గడప దాటని ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ తెలుగులో రాయాలనుకునే మనిషికి అందులో ఎంత పనికివస్తుంది, తెలుగువారి దగ్గర తరతరాలుగా ఉన్న నిత్యలేఖన పద్ధతులు దానికి ఏమి జోడిస్తాయి అన్నవి ఈ వ్యాసంలోని ప్రశ్నలు.

టూంగాబీ సిడ్నీ నగర కేంద్రానికి పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1791లో బ్రిటిష్ పాలకులు ఖైదీల చేత అడవి కొట్టించి ఇక్కడ ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం వేశారు; 1880లో రైల్వే స్టేషను వచ్చింది. ఇప్పుడు వెంట్వర్త్‌విల్, పెండిల్ హిల్, గిరావీన్, వెస్ట్‌మీడ్‌లతో కలిపి చూస్తే సిడ్నీ పడమటి భాగంలో భారతీయ కుటుంబాలు దట్టంగా ఉన్న ప్రాంతమిది, వారిలో తెలుగువారూ ఉన్నారు. ఆస్ట్రేలియా జనగణనల ప్రకారం ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2016లో 34 వేల పైచిలుకు కాగా, 2021 నాటికి 59 వేలు దాటారు. అయిదేళ్లలో ఇంత పెరిగిన సమాజంలో మాట్లాడే తెలుగుకు లోటు లేదు. లోటు రాసే తెలుగుకే ఉంది, దాని మూలం ఆస్ట్రేలియాలో లేదు. ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం రెండో భాషగా సంస్కృతం తీసుకున్న వేలాదిమందికి తెలుగులో పేజీ నిండా రాయడం పదో తరగతి పరీక్షతోనే ఆగిపోయింది. ఇరవై ఏళ్ల తరువాత టూంగాబీలో ఒక ఉదయం కలం పట్టుకున్నవారికి ఆలోచన తెలుగులోనే వచ్చినా, చేయి ఒత్తు దగ్గర ఆగుతుంది, 'ణ' రాయాలా 'న' రాయాలా అని తడబడుతుంది. ఇది బద్ధకం కాదు, వాడక తప్పిన చేతి పరిస్థితి. నిత్యలేఖనాన్ని గురించిన ఆంగ్ల గ్రంథాలేవీ ఈ ఇబ్బందిని లెక్కలోకి తీసుకోవు, ఎందుకంటే వాటి పాఠకులు రోజంతా తమ భాషలోనే ఉత్తరాలూ నివేదికలూ రాస్తూ ఉంటారు.

దీనికి మందు తెలుగు బడిలోనే ఉంది, దాని పేరు చూచిరాత. చదివిన పుస్తకంలోంచి పది పంక్తులు చూసి రాసి, ఆ వెంటనే సొంత వాక్యం మొదలుపెట్టేవారికి చేతి తడబాటు కొద్ది వారాల్లో తగ్గడమే కాక, ఖాళీ కాగితం ముందు కలిగే జంకు కూడా సగం పోతుంది. చిన్నపిల్లల పనిగా దీన్ని చులకన చేయడం తగదు. ఫోన్‌లో రాసేవారికి ఈ తడబాటు మరో రూపంలో ఎదురవుతుంది: ఆంగ్ల అక్షరాలు కొడితే తెలుగు లిపి వచ్చే పద్ధతిలో మనసు రెండు లిపుల మధ్య తిరుగుతూ ఉంటుంది, మాట్లాడితే రాసిపెట్టే సదుపాయంలో వాక్యం దిద్దుకునే తీరిక ఉండదు. రెండూ పనికివచ్చేవే, కానీ అలవాటు కుదురుకునే మొదటి నెలల్లో కాగితమే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రాసే వేళ గురించి ఆంగ్ల గ్రంథాలు చెప్పేది స్థూలంగా ఒకటే: గడియారంలోని అంకెను కాక, రోజూ ఎలాగూ జరిగే ఒక పనిని గుర్తుగా పెట్టుకుని దాని వెనకే రాతకు కూర్చోవాలి. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990లలో ఈ విషయాన్ని వివరిస్తూ, 'రోజూ రాస్తాను' అన్న సంకల్పం కంటే 'ఫలానా పని అయిన వెంటనే ఫలానా చోట కూర్చుని రాస్తాను' అన్న నిర్ణయమే ఆచరణకు దగ్గరగా ఉంటుందని చూపాడు. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో వారానికొక షిఫ్టులో పనిచేసే నర్సుకు తెల్లవారుజామున అయిదున్నర అన్న నియమం అర్థం లేనిది. డ్యూటీ దిగి స్నానం చేసి కాఫీ కలుపుకున్నాక అన్న నియమం ఏ షిఫ్టులోనైనా నిలుస్తుంది.

అయితే ఆఫీసు వేళల్లో పనిచేసేవారి విషయంలో టూంగాబీ గడియారానికి ఒక ప్రత్యేకత ఉంది, దానిమీద కొంచెం ఆగి ఆలోచించాలి. ఇక్కడి సమయం భారతదేశం కంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా గడియారం ముందుకు జరిపిన కాలంలో అయిదున్నర గంటలు ముందుంటుంది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో తల్లిదండ్రులు సాయంత్రం దీపం పెట్టి తీరిక చేసుకుని ఫోను చేసే ఆరున్నరకు టూంగాబీలో రాత్రి పదకొండో పన్నెండో అవుతుంది. కుటుంబ బృందాల్లో సందేశాలు ముమ్మరమయ్యేదీ అప్పుడే. కాబట్టి పిల్లలు పడుకున్నాక రాత్రిపూట రాసుకుందాం అనుకునేవారి రాత్రి వారి చేతిలో లేదు, అది ఇంటివాళ్లది, అలా ఉండడమే న్యాయం. తెల్లవారి అయిదున్నరకు మాత్రం భారతదేశంలో అర్ధరాత్రో, ఒంటిగంటో. ఆ సమయంలో ఎవరూ పిలవరు. రోజు మొత్తంలో రెండు దేశాలూ ఒక మనిషిని ఏమీ అడగని వేళ అదొక్కటే, ప్రవాసంలో రాసేవారికి బ్రాహ్మీముహూర్తానికి ఉన్న విలువ ఇదే.

ఆ వేళ కుదరనివారికి రైలు ఉంది. టూంగాబీ నుంచి నగర కేంద్రానికి ముప్పావుగంటకు అటూ ఇటూ పట్టే ప్రయాణం రోజుకు రెండుసార్లు జరుగుతుంది. ఈ విషయంలో ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్‌ను తలచుకోవడం సముచితం. తపాలా శాఖలో ఉద్యోగిగా ఊరూరా తిరుగుతూ ఆయన రైలు పెట్టెలోనే ఒళ్లో పలక పెట్టుకుని పెన్సిలుతో నవలలు రాశాడు. ఇంట్లో ఉన్నప్పుడు తెల్లవారి అయిదున్నరకల్లా రాతబల్ల దగ్గర ఉండేలా తనను లేపి కాఫీ ఇవ్వడానికి పనివాడికి ఏటా అయిదు పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. ముందురోజు రాసింది అరగంట చదువుకుని, ఆపైన గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. 1871లో కొడుకును చూడడానికి ఆస్ట్రేలియాకు ఓడలో వస్తూ, ఆ ఎనిమిది వారాల్లో వారానికి 66 పేజీల లెక్కన 'లేడీ ఆనా' అన్న నవల పూర్తిచేశాడు. జబ్బుచేసి రాయనిది ఒక్కరోజే. ఆయన మరణానంతరం 1883లో వచ్చిన ఆత్మకథలో ఈ లెక్కలన్నీ చూసి, సాహిత్యాన్ని చెప్పులు కుట్టే పనిలా చేశాడని విమర్శకులు ఆయన్ని చాలాకాలం తక్కువచేశారు. రాత చేతిపని అని ఒప్పుకోవడంలో అవమానమేమీ లేదు, ఆ విమర్శే తొందరపాటుది.

కానీ ట్రాలప్ కొలతను తెలుగుకు అలాగే తెచ్చుకోవడం పొరపాటు. మాటలు లెక్కపెట్టే పద్ధతి వ్యాకరణ సంబంధాలను విడివిడి మాటలతో చెప్పే భాషలకు సరిపోతుంది. తెలుగులో విభక్తులూ, క్రియా ప్రత్యయాలూ, సంధులూ ఒకే మాటలో కలిసిపోతాయి. 'రాయగలిగినవాళ్లందరికీ' అన్నది తెలుగులో ఒక్క మాట, ఆంగ్లంలో అదే భావానికి అరడజను మాటలు కావాలి. నవంబరు నెలలో 50,000 మాటల నవల రాయాలన్న అమెరికా రచనోద్యమం 1999లో మొదలై లోకమంతా పాకింది. రోజుకు 1,667 మాటలన్న ఆ లెక్కను తెలుగు రచయిత నెత్తికెత్తుకుంటే ఆంగ్ల రచయిత కంటే చాలా ఎక్కువ పని మీద వేసుకున్నట్టే. వారంలో అలసిపోయి, లోపం తనలోనే ఉందనుకుని మానుకుంటాడు. తెలుగుకు కాగితాన్ని బట్టీ కాలాన్ని బట్టీ పెట్టుకునే కొలతే సరైనది: అర పేజీ, లేదా పావుగంట.

కొలత చిన్నదిగా ఉండాలన్న మాటకు అమెరికన్ మనస్తత్వవేత్త రాబర్ట్ బాయిస్ పరిశోధనలు ఆధారం. 1983లో ఆయన 27 మంది అధ్యాపకులను మూడు బృందాలుగా చేసి, ఒక బృందాన్ని అత్యవసరమైతే తప్ప రాయవద్దన్నాడు, రెండో బృందాన్ని బుద్ధి పుట్టినప్పుడే రాయమన్నాడు, మూడో బృందం నియమం ప్రకారం రాయకపోతే తమకు గిట్టని సంస్థకు డబ్బు పంపేలా కట్టడి చేశాడు. మూడోవారు ఎక్కువ పేజీలు రాయడంలో వింత లేదు. కొత్త ఆలోచనలు కూడా వారికే ఎక్కువ వచ్చాయి: వారికి రోజుకొకటి తడితే, బుద్ధి పుట్టినప్పుడు రాసేవారికి రెండు రోజులకొకటి, రాయనివారికి అయిదు రోజులకొకటి. స్ఫూర్తి వచ్చాక రాయడం కాదు, రాస్తూ ఉంటే స్ఫూర్తి వస్తుందన్న అనుభవానికి ఇది లెక్కలతో దొరికిన సాక్ష్యం. అయితే 27 మంది చాలా చిన్న సంఖ్య. న్యూజిలాండ్ విద్వాంసురాలు హెలెన్ స్వర్డ్ 2016లో ఈ 'రోజూ రాయాలి' అన్న సూత్రాన్నే ప్రశ్నించింది. బాగా రాసే నూరుమంది విద్యావేత్తలను ఇంటర్వ్యూ చేస్తే, వారిలో రోజూ రాసేవారు తక్కువమందే అనీ, సెలవుల్లో రోజులతరబడి కూర్చుని రాసేవారూ, వారానికి రెండు రోజులు కేటాయించుకునేవారూ అంతే ఫలవంతంగా ఉన్నారనీ తేల్చింది. ఇద్దరి మధ్యా వైరుధ్యం పైకి కనిపించినంత పెద్దది కాదు. స్వర్డ్ చూసినవారు అప్పటికే రాతలో కుదురుకున్నవారు, వృత్తిరీత్యా రాయక తప్పనివారు. పదో తరగతి తరువాత తెలుగు రాయని మనిషికి చేయి తిరిగేదాకా రోజూ రాయడమే శ్రేయస్కరం. ఆ తరువాత వారానికి మూడు రోజులు చాలవచ్చు.

అలవాటు ఎన్నాళ్లకు కుదురుతుందన్నదానికి లోకంలో ప్రచారంలో ఉన్న లెక్క 21 రోజులు. దీనికి మూలం 1960లో మాక్స్‌వెల్ మాల్ట్‌జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకం; మారిన ముఖానికి అలవాటుపడడానికి రోగులకు కనీసం మూడు వారాలు పడుతుందన్న ఆయన మాట తరువాత తరువాత అన్ని అలవాట్లకూ సూత్రంగా మారింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన పరిశోధనలో, ఒక పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి పట్టిన కాలపు మధ్యగత విలువ 66 రోజులు. మనిషిని బట్టీ పనిని బట్టీ అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని ఆ గమనింపుల ఆధారంగా లెక్కగట్టారు. ఈ పరిశోధనలో అందరూ ఉదహరించేది 66 అన్న అంకెనే. అంతకంటే విలువైన సంగతి మరొకటి ఉంది: మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు కుదురుకోవడానికి చెప్పుకోదగ్గ హాని జరగలేదు.

ఈ సంగతి రామకోటి రాసే తెలుగు ముసలమ్మలకు ఎవరూ చెప్పనక్కరలేదు. రామకోటి పుస్తకంలో పేజీ నిండా చిన్న చిన్న గళ్లు ఉంటాయి, గడికొక 'శ్రీరామ' చొప్పున నింపుకుంటూ పోవాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక చాపమీద గోడకు ఆనుకుని, కళ్లజోడు సర్దుకుని, నిన్న ఆపిన గడి పక్క గడిలో మొదలుపెడతారు. రోజుకు వెయ్యి నామాలు రాసినా కోటి పూర్తికావడానికి పదివేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్లు దాటుతుంది. అంత పెద్ద సంఖ్య ఎదురుగా ఉన్నా వారు బెదరకపోవడానికి కారణం ఆ పుస్తకం లెక్క పెట్టే తీరులోనే ఉంది. జ్వరం వచ్చో, ఊరెళ్లో నెల్లాళ్లు రాయకపోతే రాసిన నామాలు ఎక్కడికీ పోవు. మళ్లీ కూర్చున్నరోజున లెక్క ఆగినచోటి నుంచే సాగుతుంది. ఈనాటి ఫోన్లలో అలవాట్లను లెక్కపెట్టే యాప్‌లు దీనికి సరిగ్గా ఎదురు పద్ధతిలో నడుస్తాయి. ఎన్నిరోజులు వరసగా చేశారన్నదే వాటి లెక్క. ఒక్కరోజు తప్పితే తొంభై తొమ్మిది రోజుల శ్రమ సున్నాగా కనిపిస్తుంది. ఆ సున్నాను చూసి మానేసినవారు తిరిగి రావడం అరుదు. నామం రాయడమూ, సొంత వాక్యం కట్టడమూ ఒకటి కావన్నది నిజమే; రామకోటిలో ఏం రాయాలన్న చింత లేదు. కానీ లెక్క పెట్టుకునే పద్ధతిలో మాత్రం రామకోటి పుస్తకమే సరైన గురువు: కూడుతూ పోయే లెక్క కావాలి, తెగిపోయే లెక్క కాదు.

ఏం రాయాలన్న చింతకు జవాబు తెలుగు దుకాణాల్లో దొరుకుతుంది. పాతకాలపు వ్యాపారి రెండు పుస్తకాలు పెట్టేవాడు. రోజు జరిగిన జమాఖర్చులను జరిగిన వరసలోనే ఎక్కించుకునేది చిట్టా. తీరిక దొరికినప్పుడు వాటినే ఖాతాల వారీగా విడదీసి రాసుకునేది ఆవర్జా. ఏ వ్యాపారీ చిట్టా రాస్తూ ఆవర్జా గురించి బెంగపడడు. రోజూ రాయాలనుకునేవారిలో చాలామంది చిట్టా పుస్తకంలో ఆవర్జా రాయబోయి మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతారు, అంటే ఆ రోజు రాసేది ఆ రోజే కథగానో వ్యాసంగానో తేలాలని ఆశిస్తారు. టూంగాబీ వీధిలో నవంబరు నెలలో ఊదారంగు పూలు రాలిన జకరండా చెట్టు, ఇంటికప్పు మీద గుంపుగా అరిచే తెల్ల కాకటూలు, నడివేసవి సెలవుల్లో మంచూ చలీ లేకుండా వచ్చే సంక్రాంతి, ఇవన్నీ మొదట చిట్టాలోకి ఎక్కవలసినవే. ఆదివారం పూట ఆవర్జా తీయవచ్చు.

ఇంతవరకు చెప్పిన వేళ, కొలత, లెక్క అన్నీ ఉండి కూడా ఆగిపోయిన రాతలు చాలా ఉన్నాయి. ఎందుకు ఆగాయన్న ప్రశ్నకు అలవాట్ల శాస్త్రం మనిషి లోపలే కారణాలు వెతుకుతుంది. తెలుగులో ఏళ్లతరబడి సాగిన నిత్యలేఖనాలను చూస్తే మరో కారణం బయటపడుతుంది: వాటిలో ప్రతిదానికీ అందుకునేవారు ఒకరున్నారు. అన్నమాచార్యుల రాగిరేకుల మీది పీఠిక ఆయన పదహారో ఏట, 1424 నుంచి, 1503లో కన్నుమూసేదాకా సంకీర్తనలు చెప్పినట్టు పేర్కొంటుంది. సంప్రదాయం చెప్పే 32 వేల సంఖ్యను ఆ 79 ఏళ్లకు పంచితే రోజుకొకటికి కాస్త ఎక్కువ వస్తుంది. నేడు దొరుకుతున్న సుమారు 14 వేలనే లెక్కలోకి తీసుకున్నా రెండు రోజులకొకటి. అది స్వామికి రోజూ జరిగే కైంకర్యం, పూలమాల లాంటిది. నిన్నటి మాల ఈరోజుకు పనికిరాదు.

దైవం దాకా వెళ్లనవసరం లేదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఆ పదిహేను నెలల్లో మజిలీ మజిలీకీ దారి ఎలా ఉంది, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఊళ్లో అంగళ్లున్నాయా, దిగడానికి వసతి ఉందా అన్నవన్నీ రాసి, మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి పంపుతూ వచ్చాడు. పెద్ద పరివారంతో ఎండలోనూ వానలోనూ నడిచిన మనిషి విడిదిలో కూర్చుని అంత ఓపికగా రాయడానికి సంకల్పబలం ఒక్కటే చాలదు. అవతల ఆ ఉత్తరం కోసం చూసే స్నేహితుడు ఉండాలి. 'కాశీయాత్ర చరిత్ర' పుస్తకంగా 1838లో అచ్చయింది, దాని వెనకున్నది మాత్రం ఇద్దరు స్నేహితుల మధ్య నడిచిన ఉత్తరాలు. పత్రికల కాలంలో ఆ స్నేహితుడి స్థానాన్ని పాఠకులు తీసుకున్నారు. మద్రాసులో ఉంటూ మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను నాలుగు దశాబ్దాలకు పైగా నడిపింది. వారం వారం వచ్చిపడే పాఠకుల ప్రశ్నలే ఆ రాతను అంతకాలం నిలిపాయి. విజయవాడ ఆకాశవాణిలో ఉద్యోగం చేస్తూనే శంకరమంచి సత్యం అమరావతి కథలు నూరింటిని ఆంధ్రజ్యోతి వారపత్రికకు అందించాడు.

దీనికి ఎదురుగా చెప్పదగిన వాదం ఉంది. అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ పెనిబేకర్ 1980ల నుంచి చేసిన ప్రయోగాల్లో, ఎవరికీ చూపనక్కరలేకుండా మనసులోని బాధను రోజుకు పావుగంట చొప్పున నాలుగు రోజులు రాసినవారికి మేలు జరిగినట్టు తేలింది. చూసేవారు లేరన్న ధైర్యంతోనే కొన్ని మాటలు బయటికి వస్తాయి, అలాంటి రాతకు చోటు ఉండి తీరాలి. కానీ ఆ ప్రయోగం నాలుగు రోజులది, నిత్యలేఖనం ఏళ్లది. ఏళ్లు నిలవవలసిన రాతకు అందుకునేవారు కావాలి. టూంగాబీలో కరువైనది ఇదే. వేళను తెల్లవారుజామున వెతుక్కోవచ్చు, కొలతను అర పేజీకి తగ్గించుకోవచ్చు, కానీ తెలుగులో రాసిన పేజీని చదివి 'తరువాత ఏమైంది' అని అడిగేవారు ఇంట్లో పెరుగుతున్న పిల్లల్లో చాలామంది కారు, వారికి వారాంతపు తెలుగు తరగతిలో అక్షరాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. అడగగలవారు సొంతూళ్లో ఉన్నారు. ఒకప్పుడు ఇన్‌లాండ్ లెటరులో అంచుల దాకా రాసి, మడత మీద కూడా రెండు వాక్యాలు ఇరికించిన తరం ఇంకా అక్కడే ఉంది. రోజూ రాత్రి పదకొండుకో పన్నెండుకో జరిగే ఫోను మాటలకు తోడుగా, వారానికొకసారి చేత్తో రాసిన రెండు పేజీలను ఫొటో తీసి పంపితే, అవతల కళ్లజోడు పెట్టుకుని చదివి, దస్తూరి మారిందని చెప్పగలిగే తల్లి ఉంది. ఈ ఊళ్లోనే నలుగురు కలిసి నెలకొకసారి ఒకరి ఇంట్లో కూర్చుని రాసినవి చదువుకునే ఏర్పాటు కూడా అదే పని చేస్తుంది. చదివేవారు ఎక్కువమంది కానక్కరలేదు. వీరాస్వామి ఎదుట ఉన్నది మొదట ఒక్క మిత్రుడే.

అందుకునేవారు రాసేవారి జీవితకాలంలోనే దొరకాలన్న నియమం కూడా లేదనడానికి సిడ్నీలోనే ఒక నిదర్శనం ఉంది. 1788లో మొదటి ఓడలతో వచ్చిన లెఫ్టినెంట్ విలియం డాస్, ఇప్పుడు హార్బర్ బ్రిడ్జి దక్షిణపు కొస ఉన్న గుట్టమీద చిన్న పరిశీలనశాల కట్టుకుని, 1791 డిసెంబరు దాకా రోజుకు పలుమార్లు ఉష్ణోగ్రత, గాలి, వాయుపీడనం రాసిపెట్టాడు. పరికరాలు ఇచ్చిన లండన్ పెద్దల కోసం చేసిన పని అది. దానితో పాటు, ఎవరూ అడగకపోయినా, చిన్న నోటుపుస్తకాల్లో అక్కడి మూలవాసుల భాషలోని మాటలను రాసుకున్నాడు. పటెగరాంగ్ అనే అమ్మాయి ఆయనకు ఆ భాష నేర్పింది. టూంగాబీలో అడవి కొట్టడం మొదలైన ఏడాదే ఆయన ఈ దేశం విడిచివెళ్లాడు. వాతావరణ పట్టికలూ, మాటల పుస్తకాలూ లండన్ గ్రంథాలయాల్లో దాదాపు రెండు వందల ఏళ్లు పడి ఉండి 1970లలో వెలుగులోకి వచ్చాయి. ఆ భాషను తిరిగి నేర్చుకుంటున్న వారసులకు ఇప్పుడు ఆ నోటుపుస్తకాలు ముఖ్యమైన ఆధారం. వాటిలో 'పుటువా' అన్న క్రియ ఒకటి ఉంది: మంట దగ్గర చేయి కాచుకుని, ఆ వెచ్చదనం పోకముందే ఎదుటివారి వేళ్లను మెల్లగా నొక్కడం అని డాస్ దాని అర్థం రాసిపెట్టాడు.